నీ చీరల బీరువా

మా దొరసానికి,

మీ ఆయన ఆశీస్సులు. ఇక్కడ నేనూ, అమ్మాయీ, నీ చీరల బీరువా అంతా క్షేమం. అక్కడ నువ్వూ, మీ అక్కయ్యగారూ, ఆపరేషనైన నీ భుజమూ క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం అంది రెండు వారాలు దాటింది. ఎడంచేత్తో రాసినా నీ అక్షరాలు నా కుడిచేతి రాతకంటే గుండ్రంగా ఉన్నాయి. చూసి కాస్త ఉడుక్కున్నాను కూడా.

చీరలన్నిటికీ గాలి తగిలించి, మడతలు మార్చి, అమ్మాయికి ఇచ్చెయ్యమన్నావు. కుడిచెయ్యి ఇక ఛాతీ పైకి లేవదని డాక్టరు తేల్చేశాడు కాబట్టి నీకు నైటీలే గతి అనీ, నైటీలో మన వీధిలోకి రాలేవు కాబట్టి అక్కయ్యగారింట్లోనే ఉండిపోతాననీ రాశావు. దానికి జవాబు చివర్లో రాస్తాను. ముందే రాస్తే నువ్వు మిగతాది చదవవు.

అడిగినవాటికి వరసగా చెబుతాను. ఎండలో వెయ్యలేదు. వెనక వరండాలో తీగ మీద పాత దుప్పటి పరిచి, దానిమీద ఆరేశాను. తీగకున్న తుప్పు చీరకు అంటుకుంటుందని నాకొకరు చెప్పక్కర్లేదు, బళ్ళ రిపేరు షెడ్డులో బతుకంతా ఆ తుప్పుతోనే కుస్తీ పట్టాను. కలరా ఉండల్ని జరీకి తగలనివ్వకుండా గుడ్డలో మూటగట్టి బీరువా మూలన పెట్టాను. నూలు చీరలకు గంజి పెట్టలేదు. గంజితో దాస్తే పురుగు పడుతుందని నువ్వు అంటుండేదానివి, గుర్తుంది.

నా చేతుల గురించి నువ్వు అడగలేదు గానీ భయపడే ఉంటావు. పెళ్ళైన కొత్తలో నీ పట్టుచీర కొంగు పట్టుకుంటే నా వేలి మీది కాయకు తగులుకుని పోగు లేచింది. ఎందుకు పట్టుకున్నానో రాయను, ఈ ఉత్తరం అక్కయ్యగారు కూడా చదువుతారు. ఆ రోజునుంచీ నీ చీరల జోలికి నన్ను రానివ్వలేదు. అందుకని ఈసారి నువ్వు పాదాలు రుద్దుకునే రాయితో అరచేతులు నున్నగా రుద్దుకున్నాను. షెడ్డులో వెల్డింగాయన నా చెయ్యి పట్టుకు చూసి, "ఏం గురువుగారూ, ఈ వయసులో పెళ్ళిచూపులా?" అన్నాడు. అవునన్నాను.

మడతల దగ్గర మాత్రం బోల్తాపడ్డాను. ఇంజను విప్పితే ఎక్కడి నట్టు అక్కడే బిగించాలి, నాకొచ్చిన విద్య అది. చీరల్ని కూడా అలాగే, ఏ గీత మీదున్న మడతను ఆ గీత మీదే పొల్లుపోకుండా మడిచి, బీరువాలో పేర్చి, నా అంత పనిమంతుడు లేడనుకున్నాను. మర్నాడు నీ ఉత్తరం మళ్ళీ చదివితే అప్పుడు కంటపడింది. పాత గీత మీదే మడిస్తే జరీ విరుగుతుంది, పట్టు చీలుతుంది అని. లబోదిబోమంటూ అన్నీ మళ్ళీ కిందికి దించాను. చిలకపచ్చ చీరకు మడత దగ్గర వేలెడంత చీలిక కనిపించేసరికి నా పనే అనుకున్నాను. అప్పుడే వచ్చిన అమ్మాయి దాన్ని తిరగేసి చూపించింది. "ఇది నీ నిర్వాకం కాదులే నాన్నా. పాత చీలికే. అమ్మ వెనకాల గుడ్డ వేసి కుట్టుకుంది, చూడు."

చూశాను. అదే రంగు గుడ్డముక్క, కనీకనపడని కుట్లు. ఆ చీర కట్టుకున్నప్పుడల్లా నేను "కొత్తదా?" అని అడగడం, నువ్వు నవ్వి ఊరుకోవడం. మంచం నిండా చీరలు పరుచుకు కూర్చుంటే తెలిసింది, అందులో కొత్తదంటూ ఒక్కటీ లేదు. నువ్వు స్వయంగా కుట్టిన పువ్వుల చీరను లోపలివైపు బయటికి తిప్పి, పువ్వుల దారం ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో పాత పంచె ముక్క వేసి చుట్టావు. ఆ పంచె నాదే, ఏమైపోయిందా అని వెతుక్కున్నాను. మూలపడ్డ బండిని నేను నడిపిస్తే పేటంతా మెచ్చుకునేది. నువ్వు ఇన్నేళ్ళూ ఇంత పని చేస్తుంటే నేను ఒక్కసారి బీరువాలోకి తొంగిచూడలేదు. ఇల్లంతా నీ చేతి చలవతోనే కళకళలాడిందని ఇప్పుడు తెలిసింది. నీకు నేను చాలా రుణపడి ఉన్నాను. ఎదురుగా ఉంటే ఇది అనలేను, అందుకే రాస్తున్నాను.

ఇక దాచిన సంగతి. అమ్మాయికి చీరలు ఇవ్వలేదు. అది పెద్ద సంచీతోనే వచ్చింది.

"అమ్మ ఇచ్చెయ్యమందిగా నాన్నా."

"ఇస్తాను. ముందు చీర కట్టడం నేర్పించు."

"నాకొచ్చుగా."

"నీకు కాదే తల్లీ, నాకు."

అది సంచీ కింద పెట్టింది. కుడిచెయ్యి పక్కన వేలాడేసి నిలబడింది. "అమ్మ చెయ్యి ఇలాగే ఉంటుంది. నేను ఎత్తను. చుట్టూ నువ్వే తిరగాలి," అంది. ఆ మాటకు నాకు కళ్ళు చెమర్చాయి, అది చూడనట్టు గోడవైపు తిరిగింది.

మొదటిరోజు కుచ్చిళ్ళు గోనెసంచీ మూతిలా వచ్చాయి. అమ్మాయి రాని రోజుల్లో నాకు నేనే కట్టుకుని అభ్యాసం చేశాను. ఒకరోజు కిందపడ్డ తువ్వాలు కోసం వచ్చిన పైవాటా ఆవిడ నన్ను ఆ అవతారంలో చూసింది. "అన్నయ్యగారూ, పైట ఎడమభుజం మీదకండీ," అని చెప్పి, మెట్లెక్కేదాకా నవ్వు ఆపుకుంది పాపం. జవాబు ఆలస్యమైంది ఇందుకే. చెయ్యి తిరగకుండా నీకు మాటివ్వడం ఇష్టంలేకపోయింది.

ఇప్పుడు తిరిగింది. కుచ్చిళ్ళు సమంగా వస్తున్నాయి, పైట పిన్ను కింద గుడ్డముక్క పెట్టి పట్టు చిరక్కుండా గుచ్చుతున్నాను. అమ్మాయి సంచీలో చీరలకు బదులు నీ జాకెట్లు పట్టుకెళ్ళింది. చెయ్యి ఎత్తకుండా తొడుక్కునేలా, చంక కింద కుట్లు విప్పి హుక్కులు పెట్టి తెచ్చింది.

ఆదివారం పొద్దున్నే నీ నీలం నూలుచీర తీసుకుని వస్తున్నాను. అక్కయ్యగారి గది కాసేపు అడిగి ఉంచు. నీకు సిగ్గేస్తే కళ్ళు మూసుకో, నేను మాత్రం తెరిచే ఉంచాలి. తర్వాత ఇద్దరం మన వీధిలో పట్టపగలే, అందరూ చూస్తుండగానే నడిచి ఇంటికి వెళదాం. కుచ్చిళ్ళు వంకరపోయాయని ఎవరైనా అంటే సర్దుకోకు. మా ఆయన కట్టారని చెప్పు.

ఇట్లు,
మీ ఆయన