పదికి ఐదు

అక్కా, నన్ను ముంచింది నువ్వే. "నీకు నువ్వే ఎక్కువ మార్కులు వేసుకోకే, పొగరనుకుంటారు" అని చెప్పి పంపావు. ఇక్కడి నర్సింగు శిక్షణలో, గాయానికి కట్టు కట్టాక ముందు మన మార్కు మనమే చెప్పాలి. తర్వాత మేడం తనది చెబుతుంది. బాగా కట్టానని తెలిసి కూడా నీ మాట విని పదికి ఐదు అన్నాను. ఆవిడ తొమ్మిది వేసింది. వేసి, ఫెయిల్ చేసింది! రెండు మార్కులకు మించి తేడా ఉండకూడదట.

"నీ పని ఎలా ఉందో నీకే తెలియకపోతే, రేపు రోగి దగ్గర నిన్ను ఒంటరిగా ఎలా వదిలేది?" అంది. పక్క పిల్లేమో "మొహమాటానికి మార్కులుంటే నువ్వే ఫస్టు" అని నవ్వింది. ఒళ్లు మండింది. కానీ మేడం అన్నది నిజమే.

శుక్రవారం ఇంకొక్క అవకాశం ఉంది. అదీ పోతే మళ్లీ మునుపటిలా ఆసుపత్రి వార్డులు తుడవడమే. నేను తుడవను.

నాన్న కాలి పుండు ఆరిందా? కట్టు తడవనివ్వకండి. అమ్మను వేళకు తినమను.

నాన్నకు నేను కట్టు కడుతుంటే రోజూ పక్కనే కూర్చుని చూశావుగా. ఎక్కడ బిగించానో, ఎక్కడ తడబడ్డానో, పదికి ఎంతో రాయి. నా లెక్క నేను వేసుకున్నాను, నీకు చెప్పను; నీదీ నాదీ ఎంత దగ్గరగా ఉన్నాయో శుక్రవారంలోపు చూసుకోవాలి. చెల్లెలినని పెంచొద్దు, ఈ కార్డు చూసి కోపమొచ్చిందని తగ్గించొద్దు. గురువారం టపాలో నీ జవాబు నా చేతికి అందాలి.