ముందు వరస మనది కాదు

హువేయ్,
ఆరో నెల, మూడో రోజు

మేనకోడలు యీ-పేయ్‌కు మావయ్య చెంగ్-హువో దీవెనలు.

అక్కడ వాన, ఇక్కడ ఎండ, అందరం బాగానే ఉన్నాం. అసలు సంగతికొస్తాను. గుడి కమిటీకి షెన్ అని కొత్త కార్యదర్శి వచ్చాడు. ఇస్త్రీ నలగని మనిషి. ఏడో నెల పదిహేనున విందు రోజు నలభై ఏళ్లుగా మన చేతిబొమ్మల ఆటే కదా. ఈసారి అలా కుదరదట. "మాస్టారూ, మీ ఆట చూసేదెవరండీ? ముందు వరస ఎప్పుడూ ఖాళీయే. ఇంటర్నెట్‌లో పేజీ పెట్టి, ఈ నెలాఖరుకి తొమ్మిది వందల మంది ఫాలోవర్లను చూపించండి. లేకపోతే వేదిక మా మేనల్లుడి పాటల లారీకి ఇచ్చేస్తాం" అన్నాడు. మేనల్లుడికి ఐదు వేల మంది ఉన్నారట. లారీ మీద అమ్మాయిలు గంతులేస్తుంటే ఉండరా మరి.

ముందు వరస ఎందుకు ఖాళీయో వాడికి నేను చెప్పాలా? ఏడో నెలలో చచ్చినవాళ్ల లోకపు తలుపు తీస్తారు, దిక్కులేకుండా పోయిన అన్నదమ్ములంతా తిండికీ ఆటకీ వస్తారు, ముందు వరస వాళ్లదని చంటిపిల్లలకి కూడా తెలుసు.

ఆ వేదిక పోతే నేను బొమ్మల్ని పెట్టెలో పెట్టి మూత వేసేస్తాను. కుదురుగా అన్నం కూడా తినలేకపోతున్నాను. టీ డబ్బాల మీద బొమ్మలేసి జనం చేత కొనిపిస్తావట నువ్వు. నన్ను కూడా ఆ డబ్బా అనుకో.

ఇట్లు,
మావయ్య

తా.క. ఫోన్ చేయకు, ఉత్తరమే రాయి. ఆటని వీడియో తీయడానికి ఫోన్‌ని వెదురుగడకి కట్టేశాను. నిన్న మీ అమ్మ చేస్తే, సేనాపతి తల నరికే సమయానికి మోగింది.

తైపే,
ఆరో నెల, పదహారు

మావయ్యకు యీ-పేయ్ నమస్కారాలు.

పేజీ పెట్టి పది రోజులైంది. పదకొండు మంది చేరారు. ఆఫీసులో బల్ల కింద ఫోన్ పెట్టుకుని గంటకి పదిసార్లు చూస్తున్నాను, పదకొండు పదకొండుగానే ఉంది.

మీరు ఏమీ అనుకోనంటే ఒక మాట. మొదటి మూడు సెకన్లలో మనిషిని పట్టుకోవాలి మావయ్యా, లేకపోతే వేలితో తోసేసి వెళ్లిపోతారు. మీరేమో ప్రతి వీడియోలోనూ మొదటి నలభై నిమిషాలు ఎనిమిదిమంది సిద్ధుల చేత దీవెనలు చదివిస్తున్నారు. సిద్ధుల్ని తీసేసి నేరుగా కత్తియుద్ధంతో మొదలుపెట్టండి. నేను మాత్రం రోజూ మొదటి నుంచి చివరి దాకా చూస్తున్నాను, మీరు దిగులు పెట్టుకోకండి.

మీ యీ-పేయ్

తా.క. కిందటి వీడియోలో ఎనిమిది నిమిషాల పాటు కనిపించింది మీ మోకాలు. దానికే అందరికంటే ఎక్కువ లైకులు.

హువేయ్,
ఆరో నెల, పంతొమ్మిది

యీ-పేయ్‌కు దీవెనలు.

సిద్ధుల్ని తీసేయాలా? దేవుడికి దండం పెట్టకుండా మా తాత కూడా తెర ఎత్తలేదు. అయినా నీ మాట కాదనలేక గుడికెళ్లి చంద్రవంక చెక్కలు వేసి అడిగాను. రెండూ వెల్లకిలా పడ్డాయి. అంటే ఒప్పుకోకుండా దేవుడు నవ్వాడు. మళ్లీ అడిగాను, మళ్లీ నవ్వాడు. ఏడోసారికి పక్కనున్న పూజారి కూడా నవ్వాడు.

కాబట్టి సిద్ధులు ఉంటారు. ఇక నెలాఖరుకి పదకొండు రోజులే ఉన్నాయి. రోజూ చెక్క తలలకి రంగులేయడం, తుడిచేయడం, మళ్లీ వేయడం, ఇదే నా పని. ఏదో ఒకటి చెయ్యి తల్లీ.

మావయ్య

తా.క. మోకాలికి లైకులు ఇచ్చినవాళ్లలో షెన్ ఉన్నాడేమో చూడు.

తైపే,
ఆరో నెల, ఇరవై ఎనిమిది

మావయ్యకు నమస్కారాలు.

మొత్తం తొమ్మిది వందల పన్నెండు. షెన్‌కి చూపించండి. ఎలా వచ్చారని మాత్రం నన్ను అడగకండి.

యీ-పేయ్

తా.క. వాళ్లతో మాట్లాడటానికి ప్రయత్నించకండి.

హువేయ్,
ఏడో నెల, నాలుగు

బంగారు తల్లి యీ-పేయ్‌కు,

షెన్ ఫోన్‌ని తన చొక్కాకే తుడిచి మరీ చూశాడు. వేదిక మనదే. నువ్వు వద్దన్నావు గానీ, అంతమంది వస్తే పలకరించకుండా ఎలా ఉంటాను? కూర్చుని అందరి పేర్లూ పుస్తకంలో రాసుకున్నాను. అవేం పేర్లో, అక్షరాలూ అంకెలూ కలగలిపి ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లలో ఒక్కరికీ ముఖం లేదు. ఇంటి పేరు లేదు, ఊరు లేదు. ఎంత పలకరించినా ఉలకరు, పలకరు. నాలుగో పేజీ రాసేటప్పటికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పదిహేనున విందుకి అందరినీ పిలిచేశాను.

మావయ్య

తా.క. నాలుగు ఊళ్ల నుంచి తొమ్మిది వందల పన్నెండు ఎర్ర కుర్చీలు తెప్పిస్తున్నాను. షెన్ చేతే మోయిస్తున్నాను.

తైపే,
ఏడో నెల, పది

మావయ్యా,

కుర్చీలు వెనక్కి పంపించేయండి. మీ కాళ్లు పట్టుకుంటాను. ఆ తొమ్మిది వందల మందీ మనుషులు కారు. అలాంటి పేర్లను గంపగుత్తగా అమ్మేవాళ్లుంటారు, డబ్బిచ్చి తెప్పించాను. మీ వేదిక పోతుందన్న కంగారులో తప్పు చేశాను. వాళ్లు రారు, కూర్చోరు, తినరు. పైగా సైటువాళ్లు అప్పుడప్పుడు ఇలాంటివాళ్లను ఏరేస్తుంటారు. ఏదో ఒక పొద్దున అందరూ ఒక్కసారే మాయమైపోతారు. అందరి ముందూ మీ పరువు పోతుందని వణికిపోతున్నాను.

యీ-పేయ్

తా.క. ఆ మొదటి పదకొండు మందీ మాత్రం నిజం.

హువేయ్,
ఏడో నెల, పదిహేడు

యీ-పేయ్‌కు మావయ్య వెయ్యి దీవెనలు.

మనుషులు కారని నువ్వు ఇప్పుడు చెప్పావు, నాకు రెండో పేరు దగ్గరే అర్థమైంది. ముఖం లేదు, ఊరు లేదు, నా అన్నవాళ్లు లేరు, డబ్బు చూపిస్తే వస్తారు. ఏడో నెలలో ఇంకెవరుంటారే? డబ్బిచ్చానని ఏడుస్తావెందుకు, అందరం అక్కడ వాళ్ల ఖర్చులకని డబ్బుకాగితాలు కాలుస్తూనే ఉన్నాం కదా.

పుస్తకం పూజారికి ఇచ్చాను. రెండు గంటలు నిలబడి అన్ని పేర్లూ చదివి పిలిచాడు. కుర్చీకో నూడుల్స్ ప్యాకెట్టు, రెండు బిస్కెట్లు. తొమ్మిది వందల పన్నెండు ఖాళీ కుర్చీలను చూడటానికి చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొచ్చాయి. కూర్చునే ధైర్యం లేక అందరూ రోడ్డు దాకా నిలబడే చూశారు. సిద్ధుల దీవెనలు నలభై నిమిషాలూ ఒక్కరూ కదల్లేదు. నలభై ఏళ్లలో అంత జనం ముందు నేనెప్పుడూ బొమ్మ ఆడించలేదు. లోపల తెర వెనక ఏడ్చాను, ఎందుకు దాస్తాను.

మర్నాడు పొద్దున ఫోన్ విప్పి చూస్తే మిగిలింది ముప్పై ఒకటి. తిని, ఆట చూసి, అందరూ విముక్తులై వెళ్లిపోయారు. విముక్తి పొందినవాళ్లను లెక్కతో చూడటం ఇదే మొదటిసారని పూజారి నా ఫోన్‌కి దండం పెట్టాడు. ఇంకో వింత, లారీ మేనల్లుడి ఐదు వేల మందిలోనూ అరవై మందే మిగిలారు. పాపం, అక్కడ వాళ్లకి ఎవరూ అన్నం పెట్టలేదు, ఇక్కడికొచ్చి తిని పోయారు. కమిటీ పదేళ్లకి వేదిక రాసిచ్చింది. షెన్ ఇప్పుడు ముందు వరస దాటేటప్పుడు చెప్పులు విప్పుతున్నాడు.

ఇట్లు,
మావయ్య

తా.క. ఆ ముప్పై ఒక్క పేర్లూ నింపాదిగా చదివాను. అందరికీ ముఖాలున్నాయి. మీ అమ్మ ఉంది, వేరుశెనగల కొట్టు ఆవిడ ఉంది, ఆఖరికి షెన్ కూడా ఉన్నాడు. నువ్వు లేవు. వెళ్లిపోయినవాళ్లలోనూ నీ పేరు రాసిన గుర్తు లేదు. రోజూ మొదటి నుంచి చివరి దాకా చూస్తున్నానని రాశావు కదా, ఎక్కడ కూర్చుని చూస్తున్నావో తెలియక గాభరాగా ఉంది. బతికే ఉంటే వచ్చే ఆటకి రా. రెండో వరసలో కుర్చీ వేయిస్తాను. ముందు వరసకి నీకింకా చాలా టైముంది.