తప్పిపోయినవాడి ముఖం

సాల్మియా, కువైట్, గురువారం రాత్రి

పక్క బిల్డింగులోని స్కాట్లాండ్ సార్ అడిగిన సైనికుడి బొమ్మ పూర్తయింది. గళ్ల పావడాలాంటి కిల్టు, భుజాన తుపాకీ. ఆయన తాత యుద్ధంలో ఎడారిలో తప్పిపోయాడట, ఫొటో కూడా లేదట. "ముఖం నీ ఇష్టం," అన్నారు.

మధ్యాహ్నం టీ తెచ్చిన సుజాత బొమ్మను చూసి ఆగిపోయింది.

"ఏవండీ, ఇది బావగారండీ బాబూ!"

నిజమే. ఇక్కడి ఎడారిలో గొర్రెలు కాయడానికి వెళ్లి, ఎంత వెతికినా దొరకని మా అన్నయ్యే. చెరిపేద్దామని కుంచె తీశాను, చెయ్యి రాలేదు.

సాయంత్రం సార్ వచ్చి చాలాసేపు చూశారు.

"ఎవరి ముఖం?"

చెప్పాను. ఆయన బొమ్మను గుండెకు ఆనించుకుని వెళ్లిపోయారు.

బల్ల ఖాళీగా ఉంది. అన్నయ్యను ఈసారి నేనే పంపించేశాను...