అక్క చీరలు ఎవరూ చూడని రెండు నెలలు

అక్కా, కంప్యూటర్ బంద్ చెయ్యకు. నీ ఫోన్ల వైఫై తీసేసి, మొబైల్ డేటా మీద మన చీరల వెబ్‌సైట్ చూడు. ఇప్పుడు వస్తది.

ఇన్ని దినాలు బయటోళ్లకు రాలే. సైట్ మన ఇంటి కంప్యూటర్ల ఉంది గదా, బయటి మనిషి అందులకు రావాలంటే బయటోళ్లను ఆపే ఫైర్‌వాల్‌ల ఒక పోర్టు, అంటే దర్వాజ అసొంటిది, తెరవాలె. నేను తెరవలే. ఇంట్ల మంచిగ వస్తుంటే అందరికీ వస్తుందనుకున్న. పొద్దుగాల బస్టాండుల చూస్తే రాలే. ఉరికొచ్చి తెరిచిన.

అంటే రెండు నెలల సంది నీ చీరలు ఒక్కరు గూడ చూడలే. నచ్చక కాదక్కా. "నా నేత ఎవరికి గావాలె రా" అని నువ్వంటే, "రంగులు మార్చి చూడు" అన్నది నేనే. నువ్వు మగ్గం మీద గుడ్డ కప్పినవ్.

షాద్‌నగర్ కంపెనీల సోమవారం సంది పనికొస్తనని చెప్పినవ్ గదా, జర ఆగుమని వాళ్లకు ఫోన్ చెయ్యి. నన్ను సాయంత్రం తిట్టు. బస్సుకు టైమయింది.

రాఘవేంద్ర

పోర్టు తెరిచినంక నకిరేకల్ల ఉన్న మా దోస్తుకు సైట్ చూడమని చెప్పిన. వాళ్లమ్మ ఫోన్ గుంజుకొని నీ ఎర్రంచు చీర చూసుకుంట ఇంకా ఇస్తలేదంట.