ఏమప్పా అనే ఓబులమ్మకు బావి తాళంచెవి

గోరంట్ల దాపున పల్లెలో ఉండే కీ.శే. శ్రీరంగప్ప కుమారుడు హనుమంతరాయుడనే నేను, డెబ్బైరెండేళ్ళ వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగా ఉంది. పంచాయతీ ప్రెసిడెంటుగా ఉన్నన్నాళ్ళూ ఈ మాట గట్టిగా చెప్పలేకపోయేవాణ్ణి. ఓడిపోయాక కుదుటపడింది.

1. నా భార్య ఆంజినమ్మకు ఇల్లు, రేడియో. ఆమె పాటలు పెట్టుకున్నప్పుడల్లా నేను వార్తలకు తిప్పేవాణ్ణి. ఇక తిప్పేవాడు ఉండడు. అది తలచుకుంటే నాకే దుఃఖం వస్తోంది.

2. పెద్దకొడుకు సోమప్పకు, నేను తీర్పులు చెప్పిన కుర్చీ. ఒక కాలు పొట్టి, కింద ఇటుక పెట్టాలి. ఇటుక పెట్టేవాణ్ణి మంచి చేసుకోమని నా సలహా.

3. చిన్నకొడుకు గంగప్పకు, గడ్డం గీసుకునే అద్దం. ఊళ్ళో అందరి తప్పులూ వాడికి కంఠతా వచ్చు. ఒక్కడివి మాత్రం ఇంకా చూసుకోలేదు. పొలం అన్నదమ్ములకు చెరిసగం.

4. నా స్వార్జితమైన బావి. ఈ కరువులో నీళ్ళున్నది దీంట్లోనే. మల్బరీ తోటకు చాలవని కొడుకులిద్దరూ కంచె వేసి గేటుకు తాళం పెట్టారు. పక్కచేని ఓబులమ్మ మేకలు ఆ గేటు దగ్గర నిలబడి అరుస్తున్నాయి.

నేను గెలిచిన రోజు ఊరంతా దండలతో వచ్చి "రాయుడుగారూ" అంది. ఓబులమ్మ మాత్రం, "ఏమప్పా, గెలిచినావంట గదా. మా మేకపిల్ల ఇట్లేమన్నా వచ్చినాదా?" అంది. ఓడిన రోజు ఆ దండలవాళ్ళకు మా వాకిలి కనబడలేదు. ఆమె వచ్చి, "ఏమప్పా, ఓడిపోయినావంట గదా. సంగటి తిన్నావా?" అంది. రెండు రోజులూ నన్ను ఒకేలా పిలిచిన మనిషి ఆమె ఒక్కతే. కనుక బావి, తాళంచెవి ఓబులమ్మకే. తోటకు నీళ్ళు కావాలంటే నా కొడుకులు ఆమెను అడగాలి. "ఏమప్పా" అంటే నామోషీ పడకూడదు.

5. దీన్ని అమలు జరపవలసినవాడు నన్ను ఓడించిన మారెప్ప. నా కొడుకులకు ధర్మమంటే గౌరవం, ప్రెసిడెంటంటే భయం. గౌరవాన్ని నమ్మి బావిని వదిలి పోలేను.

ఇంతవరకూ రాయించి, ఓబులమ్మను పిలిపించి వినిపించాను. "ఏమప్పా, నువ్వు సచ్చేదాకా నా మేకలు దప్పికతో ఉండల్లనా?" అంది. సోమప్ప మొలతాడు నుంచి తాళంచెవి విప్పించి ఇప్పుడే ఆమె చేతికిచ్చాను. మేకలు నీళ్ళు తాగుతున్నాయి.

1984 మే 14
(సంతకం) హనుమంతరాయుడు

సాక్షులు:
మారెప్ప, ప్రెసిడెంటు (ప్రస్తుతానికి)
నాగన్న, కుర్చీకి ఇటుక పెట్టినవాడు