సగంలో రాసుకున్న పేరు

మార్కాపురం, గురువారం రాత్రి

చదువుతున్న డిటెక్టివ్ నవల అయిపోయింది. ఈసారీ తప్పాను. సగం చదివాక హంతకుడెవరో అట్ట లోపల పెన్సిల్‌తో రాసుకోవడం నాకు అలవాటు. డాక్టరు అని రాశాను. చంపింది, మొదటి నుంచీ పోలీసులకు టీ అందిస్తున్న ముసలి గుమస్తా. మా ఆవిడ సుజాత అట్ట చూసి నవ్వింది.

"ఇరవై ఏండ్ల నుంచి హత్యల వార్తలు రాస్తున్నారు, ఒక్కడినన్నా సరిగ్గా పట్టినారా?"

తప్పినందుకు ఇంత సంతోషం ఎందుకో తెలియడం లేదు. ఆధారాలన్నీ నా కళ్ల ముందే ఉన్నాయి. టీ ఇచ్చేవాణ్ని ఎవరూ పట్టించుకోరు, నేనూ పట్టించుకోలేదు.

పొద్దున అర్ధవీడు దగ్గర బావిలో ఒక గొర్రెల కాపరి శవం దొరికింది. పొలం గట్టు తగాదా ఉందని అతని బావమరిదిని పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. ఊరంతా అతనే అంటోంది. నాకూ అలాగే అనిపించింది. ఆ బావమరిది భార్య నా బండికి అడ్డం నిలబడింది.

"అన్నా, ఇంకా ఏందీ తేలకుండానే ఆయన పేరు ఎట్ల ఏస్తావు? రేపు నా బిడ్డ బడికి ఎట్ల పోవాల?"

పేరు లేకుండా వార్త పంపాను. డెస్క్ నుంచి కుర్ర సబ్ఎడిటర్ ఫోన్ చేశాడు.

"మిగతా పేపర్లన్నీ ఏస్తాయి గదన్నా, మనకేంది?"

"ఏయనీ నాయనా," అన్నాను.

నవలలో అనుమానితులంతా చివరి పేజీకి ఇంటికి వెళ్లిపోతారు. అదుపులోకి తీసుకున్నారని నేను ఎన్నో వార్తలు రాశాను. వదిలేశారని ఒక్కటైనా రాశానా? పాత కటింగులు తిరగేస్తున్నాను. ఇప్పటికి ఒక్కటీ కనిపించలేదు.