‘దు’ లేని నోటీసు

సోమవారం, రాత్రి

మా వీధిని పాడుచేసింది ఎదురు కొట్టు టైలరు. గుడ్డపీలికలు ఆయనవి. వాటి మీద పడే టీ కప్పులు ఆయన కొట్టుకు కబుర్లకొచ్చే వాళ్లవి. మిగతా వీధి చేసిన నేరం మౌనం. (కొందరి నేరం అరటితొక్కలు.)

తీర్మానం: రేపటి నుంచి రోజూ ఉదయం ఆరింటికి వీధిలో చెత్త ఏరడం. నేనూ, నాన్నా.

నాన్న ఎందుకంటే, గుండె ఆపరేషన్ అయ్యాక ఆయన మెట్లు దిగడం మానేశారు. ఊళ్ల మీద బస్సు నడిపిన మనిషి, ఇప్పుడు మంచానికీ కిటికీకీ మధ్య సర్వీసు నడుపుతున్నారు. డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు: నడవాలి, నలుగురితో మాట్లాడాలి, లేకపోతే గుండె బాగుపడినా మనిషి బాగుపడడు.

"నలుగురూ ఇంట్లోనే ఉన్నారుగా" అన్నారు నాన్న.

"ముగ్గురమే నాన్నా."

"నువ్వు ఇద్దరి పెట్టు మాట్లాడతావు."

వ్యంగ్యం. అంటే చైతన్యం ఇంకా మిగిలే ఉంది!

మంగళవారం

విజయం! నాన్న కిందికి వచ్చారు. గోడ పట్టుకుని, మధ్యలో ఆగుతూ, కానీ వచ్చారు. వంగకూడదు కాబట్టి ఆయనకు పట్టకారు ఇచ్చాను. (వంటింటిది. అమ్మకు తెలియదు.) మూడు కప్పులు ఏరేసరికి ఏడున్నర అయింది.

టైలరు షట్టరు ఎత్తుతూ, "అన్నా! ఎన్నాళ్లకు కనిపించావు! రా, కూర్చో" అన్నాడు. నాన్న అటు ఒక అడుగు వేశారు.

సరిగ్గా అప్పుడు నేను శత్రువును నిలదీశాను.

"ఈ పీలికలు ఎవరివి?"

"నావేనమ్మా. గాలికి కొంచెం..."

"గాలి మీదకు నెట్టకండి!"

ఆ తర్వాత పావుగంట అనర్గళంగా మాట్లాడాను. ఉత్పత్తి, వ్యర్థం, సామాజిక బాధ్యత, అన్నీ వచ్చాయి. కరపత్రంలో చదివింది ఒక్క ముక్క మరిచిపోలేదు. తిరిగి చూస్తే నాన్న లేరు. పైకి వెళ్లిపోయారు.

అలసిపోయి ఉంటారు.

బుధవారం

నాన్న రానన్నారు. "కాళ్లు లాగుతున్నాయి."

"కాళ్లా పాడా! తల కొట్టేసినట్టయింది ఆయనకు" అంది అమ్మ. "ఆపరేషన్ రోజు ఆ టైలరు రాత్రంతా ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నాడే. తెలుసా నీకు?"

తెలుసు. స్నేహం వేరు, సిద్ధాంతం వేరు.

ఒక్కదాన్నే ఏరాను. సగం సంచి. నడుము పట్టేసింది. అందుకే ఎత్తుగడ మార్చాను: గోడ నోటీసు! అక్షరాలు వీధి చివరికి కూడా కనిపించాలని పెద్ద డ్రాయింగ్ షీటు మీద ఎర్ర రంగుతో రాశాను: ఇక్కడ చెత్త వేయరాదు. చివరి ‘దు’ పట్టలేదు. దాన్ని విడిగా చిన్న కాగితం మీద రాసి పక్కన అంటించాను.

మైదా జిగురు. చరిత్ర ఇలాగే మొదలవుతుంది.

గురువారం

రాత్రి గాలి వీచింది. ‘దు’ ఎగిరిపోయింది.

గోడ మీద మిగిలింది: ఇక్కడ చెత్త వేయరా.

వేశారు.

కుప్ప నా మోకాలి దాకా ఉంది. టీ తాగుతున్న ఎలక్ట్రీషియన్ నా కళ్ల ముందే కప్పు విసిరి, "ఇంత ఆప్యాయంగా పిలిస్తే కాదనలేం కదండీ" అన్నాడు.

కింద వాటా పిన్నికి వేరే బాధ. "చిన్నా పెద్దా లేకుండా ‘రా’ ఏమిటే? పోనీ మగవాళ్లకు రాశావు, మేమేం పాపం చేశాం? కింద ‘వేయవే’ అని కూడా రాయి."

అరిచాను. నేను అరిచేకొద్దీ నవ్వారు. పైన కిటికీలో నాన్న కనిపించారు. నన్ను చూసి కర్టెన్ లాగేసుకున్నారు.

శుక్రవారం

ఆరింటికి లేచాను. మళ్లీ పడుకున్నాను.

దీనికి సైద్ధాంతిక కారణం ఉంది. నిన్న ఇంకో కరపత్రం చదివాను. చెత్త ఏరడమంటే చెత్త తయారుచేసేవాడికి ఊడిగం చేయడమేనట. పోరాడాల్సింది కర్మాగారం గేటు దగ్గర. కర్మాగారానికి రెండు బస్సులు మారాలి. కనుక విశ్రాంతి.

పైగా వాన వచ్చేలా ఉంది. (రాలేదు.)

నాన్న ఇవాళ కిటికీ దాకా కూడా రాలేదు. అన్నం మంచం మీదే. డాక్టరు ఫోన్ చేస్తే అమ్మ "ఆ, నడుస్తున్నారండీ" అని అబద్ధం చెప్పింది. ఫోన్ పెట్టేసి నావైపు చూసింది, అంతే.

శనివారం

పతనం.

పంచడానికని నేనే రాసి జిరాక్సు తీయించిన ‘వీధీ, మేలుకో!’ కాగితాలు కట్ట విప్పకుండా అలాగే ఉన్నాయి. కింద నుంచి ఎవరో "వేయరా!" అన్నారు. ఇంకెవరో పగలబడి నవ్వారు. ఒళ్లు మండిపోయింది. కట్టంతా చింపి బాల్కనీలోంచి విసిరేశాను. వీధి తెల్లబడింది.

టైలరు తలెత్తి చూశాడు. "అమ్మాయ్! నీ ఉద్యమం కిందపడింది!"

వెనక తలుపు చప్పుడైంది. నాన్న చెప్పులు వేసుకుంటున్నారు.

"ఎక్కడికి?" అంది అమ్మ.

"పిల్ల పారేసింది. తియ్యొద్దూ?"

వెంట వెళ్లబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "కదిలావంటే కాళ్లు విరగ్గొడతా."

బాల్కనీలోంచి చూశాను. నాన్న వంగబోతుంటే టైలరు మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చాడు. "నువ్వు వంగకన్నా! ఎక్కడుందో చెప్పు, నేను తీస్తా."

నాన్న చెప్పారు. డిపోలో బండి వెనక్కి తీయించినట్టు. "ఎడమకి... ఇంకొంచెం... ఆ, ఆపు." పిన్ని చీపురు తెచ్చింది. ఎలక్ట్రీషియన్ ఖాళీ కప్పు ఎక్కడ వేయాలో తెలియక అలాగే పట్టుకు నిలబడ్డాడు.

భోజనానికి పిలిస్తే కూడా నాన్న రాలేదు. టైలరు స్టూలు మీద కూర్చుని నవ్వుతున్నారు. నా గురించే అనుకుంటాను. నవ్వనీ.

ఆదివారం

టైలరు కొట్టుకు వెళ్లాను. "మావయ్యా, మొన్న కాస్త ఎక్కువ మాట్లాడాను."

"పీలికలకు సంచి కట్టానమ్మా, అదిగో. ఆ రోజే కడతానని చెబుదామనుకున్నా. నువ్వు ‘ఉత్పత్తి’ దగ్గర సందు ఇవ్వలేదు."

తర్వాత నాన్నను అడిగాను. "రేపు మళ్లీ మొదలుపెడదామా?"

"నువ్వు వస్తావా, నీ ఉపన్యాసం వస్తుందా?"

"నేనే."

"అయితే సరే. ఆరింటికి కాదు, ఏడింటికి. వాడు అప్పుడే లేస్తాడు."

శత్రువు నిద్ర లేచేదాకా ఉద్యమాన్ని వాయిదా వేసినట్టు నేను ఏ కరపత్రంలోనూ చదవలేదు. ఒప్పుకున్నాను.

తీర్మానం, సవరించినది. వీధివాసులారా! రేపు ఉదయం ఏడింటికి అందరూ టైలరు కొట్టు ముందుకు రండి. సంచులు నేను తెస్తాను. చెత్త మనం ఏరదాం. మాట్లాడేది మా నాన్న.